నీళ్ల డ్రమ్ములో తెల్ల నురగ: ఫంగస్ కాదు

చెన్నై వేళచ్చేరిలో మీ మేడమీది డ్రమ్ములో, ఫంగస్ అనుకుని ఎంత కడిగినా వానాకాలంలో మళ్లీ వస్తోందని మీరు అడిగిన ఆ నురగ చెట్టుకప్ప గూడు. ఆడకప్ప తన ఒంటి జిగురును వెనక కాళ్లతో మజ్జిగలా చిలికి, అందులో గుడ్లు పెడుతుంది.

1. ఇప్పుడున్నది కడగొద్దు. కొన్ని రోజుల్లో తోకకప్పలు కింది నీళ్లలోకి జారతాయి. మగ్గుతో తీసి దగ్గరి కుంటలో వదలండి.

2. మళ్లీ రాకుండా చూడటంలో అందరూ వదిలేసేది మూత సందు. మూత పెట్టాం కదా అనుకుంటారు! ఈ కప్ప వేళ్ల చివర అంటుకునే బిళ్లలుంటాయి, నున్నటి ప్లాస్టిక్ కూడా ఎక్కేస్తుంది. అంచు చుట్టూ దోమతెర బిగించి తాడు కట్టండి. చీకటి పడకముందే, ఎందుకంటే అది తిరిగేది రాత్రే.

3. కప్పకు విషం ఉందేమోనని టెన్షన్ వద్దు. పట్టుకుంటే చేతులు కడుక్కోండి, చాలు.