నీ పక్షం ఏదో చెప్పు

విశాఖపట్నం

చిరంజీవికి ఆశీస్సులు.

ఉక్కు కర్మాగారం మీద నువ్వు రాసిన వ్యాసం శ్రద్ధగా చదివాను. సమాచారం బాగా సేకరించావు. 1966 నాటి ఉద్యమం, 1971లో శంకుస్థాపన, 2021 జనవరిలో నూరు శాతం పెట్టుబడుల ఉపసంహరణకు కేంద్రం ఇచ్చిన ఆమోదం, అన్నీ సరిగానే ఉన్నాయి. తీరా చివరికి వచ్చి, "ఇరువైపులా న్యాయం ఉంది, కాలమే నిర్ణయించాలి" అని ముగించావు. నాకు చాలా బాధ కలిగిందమ్మా. కర్మాగారాన్ని అమ్మేదీ ఉంచేదీ మనుషులే. వాళ్లు తేల్చేలోపు నీ మాట వినిపించాలనే కదా నువ్వు కలం పట్టింది!

నాన్నగారు ప్లాంటులోనే పనిచేస్తారు కాబట్టి పక్షపాతం అంటారేమోనని ఫోనులో అన్నావు. ఆ సంగతి వ్యాసంలోనే రాసెయ్యి. గాజువాకలో పుట్టి పెరిగిన అమ్మాయికి ప్లాంటు గురించి ఏ అభిప్రాయమూ లేదంటే ఎవరు నమ్ముతారు? దాచిపెడితేనే అనుమానం.

అయితే "విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు" అని మళ్లీ రాస్తే సరిపోదు. ఆ నినాదమంటే నాకు ఎంతో గౌరవం. ఊరేగింపులో దానికి కారణాలు జోడించనక్కర్లేదు, వ్యాసంలో జోడించి తీరాలి. నీ మూడో పేజీలో ఒక వాక్యం ఉంది: ఈ కర్మాగారానికి సొంత ఇనుప గనులు లేవు, ఖనిజం బయట కొనుక్కోవాలి. అంత ముఖ్యమైన సంగతిని అలా మూలన పడేశావేం? దాన్ని మొదటి పేరాకు తెచ్చి, "సొంత గనులు కేటాయించి చూడకుండా అమ్మకం మాట ఎత్తడం అన్యాయం" అని తెగేసి చెప్పు. దాన్ని ఒకరు ఒప్పుకోవచ్చు, ఇంకొకరు కాదనవచ్చు. అలా కాదనడానికి వీలున్న మాట నీ వ్యాసంలో ఇప్పుడు ఒక్కటీ లేదు.

కాదనేవాళ్ల వాదనను బలహీనపరిచి రాయకు. 2025 జనవరిలో కేంద్రం 11,440 కోట్ల రూపాయల ప్యాకేజీ ప్రకటించింది. ప్రజల సొమ్ము ఇలా ఎంతకాలం పొయ్యాలని అడిగేవాళ్లున్నారు. అది గట్టి ప్రశ్నే. అప్పుల భారం, నిర్వహణ లోపాలు గనులొచ్చినంత మాత్రాన పోతాయా అనీ అడుగుతారు. వీటికి నీ దగ్గర జవాబు లేకపోతే నీ అభిప్రాయాన్ని ఆ మేరకు సవరించుకో. అప్పుడు కూడా ఏదో ఒక పక్షాన నిలబడు. అమ్మడమే మేలని నీకు తోస్తే అదే రాయి. నేను ఒప్పుకోను, కానీ ఆసక్తిగా చదువుతాను.

మన ఎస్. రాయవరంలో పుట్టిన గురజాడ 1914లో మద్రాసు విశ్వవిద్యాలయానికి అసమ్మతి పత్రం రాశారు. పాఠ్యగ్రంథాల భాష విషయంలో పండితులతో విభేదిస్తూ, వాడుక భాష తరఫున పేజీలకు పేజీలు ఆధారాలు చూపించారు. దొరికితే చదువు. ఆయన ఎటువైపో తెలుసుకోవడానికి చివరి పేజీ దాకా ఆగనక్కర్లేదు.

తిరగరాసేటప్పుడు "ఒక విధంగా చూస్తే", "అని కొందరి అభిప్రాయం" లాంటివి వెతికి కొట్టెయ్యి. ఆ కొందరిలో నువ్వున్నావో లేదో చెప్పు. వచ్చే వారం ద్వారకానగర్ పౌర గ్రంథాలయం వైపు వస్తాను, కొత్త ప్రతి తీసుకురా. గనుల గురించి నాకూ కొన్ని అభ్యంతరాలున్నాయి, కూర్చుని వాదించుకుందాం.