విదేశీ విక్రేతకు చెల్లింపు: కార్డు ద్వారానా, పేపాల్ ద్వారానా?

ప్రశ్న: వేరే దేశంలోని ఒక చిన్న విక్రేత నుంచి ఆన్‌లైన్‌లో పాత కెమెరా లెన్సు కొనాలనుకుంటున్నాను. క్రెడిట్ కార్డు వివరాలు ఆయన వెబ్‌సైట్‌లో నేరుగా ఇవ్వడం మేలా, పేపాల్ వంటి సేవ ద్వారా చెల్లించడం మేలా? స్నేహితులకు పంపినట్టుగా పేపాల్‌లో పంపితే ధర తగ్గిస్తానని ఆయన అంటున్నారు.

జవాబు: ముందుగా ఆ తగ్గింపు సంగతి. దానికి దయచేసి ఒప్పుకోవద్దు. స్నేహితులకు, కుటుంబ సభ్యులకు పంపే పద్ధతిలో విక్రేతకు రుసుము మిగిలే మాట నిజమే గానీ, అలా పంపిన సొమ్ముకు పేపాల్ కొనుగోలుదారు రక్షణ వర్తించదు. లెన్సు రాకపోయినా, పగిలి వచ్చినా మీ ఫిర్యాదును అక్కడ పరిశీలించరు.

ఇక అసలు ప్రశ్నకు వస్తే, పేపాల్ ఖాతాకు మీ క్రెడిట్ కార్డును జతచేసి, వస్తువు కొనుగోలుగా చెల్లించడమే మీకు తగిన పద్ధతి అని నా అభిప్రాయం. అప్పుడు కార్డు నంబరు విక్రేతకు చేరదు. చిన్న వెబ్‌సైట్ల భద్రత ఎంత గట్టిదో బయటివారికి తెలిసే వీలు లేదు కాబట్టి ఇది చిన్న లాభం కాదు. పైగా వివాదం వస్తే పేపాల్‌లో ఫిర్యాదు చేయవచ్చు, అక్కడ న్యాయం జరగకపోతే సాధారణంగా కార్డు ఇచ్చిన బ్యాంకును ఛార్జ్‌బ్యాక్, అంటే చెల్లించిన సొమ్మును విక్రేత నుంచి వెనక్కి రప్పించమని, కోరవచ్చు. రెండూ ఒకేసారి మాత్రం చేయకండి, ఎందుకంటే బ్యాంకు దగ్గర వివాదం మొదలైతే పేపాల్ తన విచారణను ముగించేస్తుంది.

అయితే నేరుగా కార్డు వాడటమే మేలైన సందర్భాలూ ఉన్నాయి. బ్రిటన్‌లో 1974 నాటి వినియోగదారు రుణ చట్టం 75వ సెక్షన్ ప్రకారం, 100 పౌండ్లకు మించి 30,000 పౌండ్ల వరకు ధర ఉన్న వస్తువు విషయంలో కార్డు సంస్థ కూడా విక్రేతతో సమానంగా బాధ్యత వహించాలి. మధ్యలో చెల్లింపు సేవ ప్రవేశిస్తే ఆ హక్కు దక్కకపోవచ్చు.

ఖర్చు విషయంలో ఒక్క జాగ్రత్త చాలు. కరెన్సీ మార్పిడిని పేపాల్ చేస్తే దాని రేటులో ఆ సంస్థ లాభం కలిసి ఉంటుంది. చెల్లించే ముందు, మార్పిడిని కార్డు సంస్థకే వదిలే ఎంపిక కనిపిస్తే, మీ కార్డుపై విదేశీ లావాదేవీల రుసుము ఎంతో చూసుకుని ఏది చౌకో తేల్చుకోండి.

అన్నిటికన్నా ముఖ్యమైనది గడువు. పేపాల్‌లో చెల్లించిన నాటి నుంచి 180 రోజుల్లోగా వివాదం తెరవాలి; తెరిచాక 20 రోజుల్లోగా దాన్ని క్లెయిముగా, అంటే పేపాల్‌నే తీర్పు చెప్పమని కోరే ఫిర్యాదుగా, మార్చకపోతే అది దానంతటదే మూసుకుపోతుంది, మళ్లీ తెరవడం కుదరదు. ఛార్జ్‌బ్యాక్‌కు వీసా, మాస్టర్‌కార్డ్ నిబంధనల్లో సాధారణంగా 120 రోజుల గడువు ఉంటుంది. పార్సిల్ దారిలో ఉందని, ఇంకో వారం ఆగమని విక్రేత ఎంత మర్యాదగా రాసినా ఈ తేదీలు మాత్రం ఆగవు. అందువల్ల వస్తువు వివరణ ఉన్న పేజీని, ఆయనతో జరిపిన ఉత్తరప్రత్యుత్తరాలను ఇప్పుడే భద్రపరచుకుని, చెప్పిన రోజుకు లెన్సు చేరకపోతే వెంటనే వివాదం తెరవండి. ఆయనతో మాటలు ఆ తర్వాత కూడా కొనసాగించవచ్చు.