మే నెలలో కాలువలో శవం

తెనాలి,
ఆదివారం మధ్యాహ్నం.

అమ్మాయికి ఆశీస్సులు.

నీ నవల రెండు రాత్రుల్లో చదివేశాను. కళ్ళద్దాలు తీసి పడుకుందామనుకున్నప్పుడల్లా ఇంకో చాప్టర్ లాక్కుపోయింది. కథ నడపడం నీకు వచ్చు, ఆ టెన్షన్ పెట్టుకోకు. ఇక నేను పెన్సిల్‌తో గీతలు గీసిన చోట్లకి వద్దాం.

మొదటి పేజీలోనే పెద్ద గీత ఉంటుంది చూడు. మే పద్దెనిమిదిన తెల్లవారుజామున దుగ్గిరాల లాకుల దగ్గరికి శవం కొట్టుకొచ్చిందని రాశావు. మే నెలలో కాలువలో నీళ్ళెక్కడివమ్మా? ఎండాకాలం కాలువలు కట్టేస్తారు. మంచినీళ్ళ చెరువులు నింపుకోవడానికి నాలుగు రోజులు వదిలితే వదులుతారు, అంతే. మిగతా రోజుల్లో అడుగున ఎండిన బురద, గుర్రపుడెక్క, మధ్యలో క్రికెట్ ఆడే పిల్లలు. రోజూ ఆ గట్టు మీదుగా బస్సెక్కి కాలేజీకి పోయినదానివి, నీకు నేను చెప్పాలా? కంప్యూటర్ ముందు కూర్చునేసరికి ఏదో వెబ్ సిరీస్‌లో చూసిన నది వచ్చి నీ కాలువలో పారింది.

అయినా ఈ తప్పు నీకు కలిసొస్తుంది. శవాన్ని ఎండిన కాలువలోనే ఉంచు. నీళ్ళు లేవు కాబట్టి కొట్టుకురాలేదు, ఎవరో తెచ్చి పడేశారు. బండి కిందికి దిగే రేవు ఎన్ని చోట్ల ఉంటుంది? ఆ రేవు పక్కన టీ బంకు రాత్రి ఎన్నింటికి మూస్తారు? లేదంటే నీళ్ళున్నప్పుడే రాయి కట్టి పడేసి ఉండాలి, కాలువ కట్టాక బయటపడి ఉండాలి. అప్పుడు లాకు తలుపులు ఏ రోజు దించారో చెప్పేది కాలువ మీద కాపలా ఉండే లష్కరు. రెండు వందల నలభై పేజీల్లో నీకు లష్కరు గుర్తే రాలేదు! సైబర్ ఎక్స్‌పర్టులు మాత్రం ముగ్గురున్నారు.

ఇన్నేళ్ళు రాశాక నాకు గట్టిగా తెలిసింది ఇదొక్కటే. ప్రేమకథకి ఇద్దరు మనుషులు, ఒక మేడ చాలు. హత్య జరిగిందంటే ఊరంతా తిరగాలి. పసుపు యార్డులో కాటా వేసే గుమాస్తాని అడగాలి, కరెంటు రీడింగ్ తీసే కుర్రాణ్ణి అడగాలి, పొద్దున్నే పాలు పోసే ఆవిడని అడగాలి. ఎవరు ఎవరికి ఎంత బాకీ, ఏ పొలంగట్టు మీద ఎవరికి తగాదా, ఏ ఇంటికి ఏ ఇంటివాళ్ళు రాకపోకలు మానేశారు, అన్నీ లాగాలి. ఒక ప్రాంతం పుస్తకంలోకి ఎక్కేది ఇలాగే. నువ్వేమో హంతకుణ్ణి పట్టుకునే తొందరలో ఊరిని వదిలేశావు.

మన వైపు డిటెక్టివ్ నవలలకి పాఠకులెప్పుడూ కొరత కాదు. చదివే అలవాటు మాకంటే ముందువాళ్ళు వేసిపెట్టారు. అయ్యంకి వెంకటరమణయ్యగారి పూనికతో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం పుట్టింది 1914లో. 1935లో పాతూరి నాగభూషణంగారు మన కాలువల మీదే పడవలో పుస్తకాలు పెట్టి రేవు రేవునా ఇచ్చేవారు. నీ శవం కొట్టుకొచ్చిన ఈ కాలువల్లో ఒకప్పుడు లైబ్రరీ తేలుతూ వెళ్ళిందన్నమాట. (ఇది నీ నవలలో ఎక్కడైనా దూర్చు, నాకు డబ్బులేమీ ఇవ్వక్కర్లేదు.)

ఆ తర్వాత అద్దె పుస్తకాల షాపులు వచ్చాయి. నేను చదువు నేర్చింది బళ్ళో అయినా, చదవడం నేర్చింది అక్కడే. రోజుకి పది పైసలు. అట్ట చిరిగితే గోధుమరంగు మందపాటి అట్ట వేసి, పురికొసతో కుట్టి, వీపు మీద నంబరు వేసేవాడు షాపాయన. ఎవడో దుర్మార్గుడు మొదటి పేజీలోనే 'హంతకుడు వంటవాడు' అని పెన్సిల్‌తో రాసేవాడు. ఒక్కోసారి అది అబద్ధం కూడా. అలాంటప్పుడు నవలలో ఒక మిస్టరీ, ఆ రాసినవాడిని నమ్మాలా వద్దా అని ఇంకో మిస్టరీ. ఆ షాపుకి టైలర్లు వచ్చేవాళ్ళు, పొగాకు బేరన్లలో పనిచేసేవాళ్ళు వచ్చేవాళ్ళు, మధ్యాహ్నం పనులయ్యాక ఇల్లాళ్ళు పిల్లల చేత చీటీ రాసి పంపేవాళ్ళు. డిటెక్టివ్ నవలతో మొదలుపెట్టిన మా మేనత్త చివరికి శరత్ నవలలన్నీ ఇంటికి తెప్పించుకుంది.

అందుకే వీటిని చవకబారు అని ఎవరన్నా తీసిపారేస్తే నాకు ఒళ్ళు మండుతుంది. 'సమగ్ర ఆంధ్ర సాహిత్యం' రాసిన ఆరుద్రే డిటెక్టివ్ నవలలూ రాశాడు. చేతికేమన్నా మసి అంటిందా? మా బ్యాచ్ వాళ్ళని సాహిత్య సభలకి పిలవలేదని చెప్పుకోను, పిలిచినా మేం వెళ్ళేవాళ్ళం కాదేమో, నెలాఖరుకి ఇంకో నవల ఇవ్వాలి కదా.

అలాగని మా గొప్పలే చెప్పను. కొమ్మూరి సాంబశివరావుగారి డిటెక్టివ్ యుగంధర్, అసిస్టెంట్ రాజు అంటే మాకు ప్రాణం. ఆ యుగంధర్ ఉండేది మద్రాసులో. అప్పట్లో తెలుగు పత్రికలు, సినిమాలు అన్నీ అక్కడే కాబట్టి అది సహజం. తర్వాత రాసిన మేం తెనాలిలో కూర్చుని కూడా మద్రాసు, బొంబాయి, చివరికి చూడని స్విట్జర్లాండ్ రాశాం. బెంగాలీవాళ్ళు అలా చెయ్యలేదు. వాళ్ళ డిటెక్టివ్‌లు కలకత్తాలోనే, బ్యోమకేశ్ హారిసన్ రోడ్డులో ఉంటాడు, ఫెలూదా రజనీసేన్ రోడ్డులో. చదివినవాడికి ఆ వీధులు తెలుసు. మా డిటెక్టివ్‌లకి పిస్తోలు ఉండేది కానీ ఇంటి అడ్రసు ఉండేది కాదు. టీవీ వచ్చాక పాఠకుడు మమ్మల్ని వదిలి వెళ్తుంటే, పట్టి ఆపడానికి మా దగ్గర ఏ ఊరూ లేదు.

పోలీసుల సంగతి. నీ కథ 2025లో జరుగుతోంది, ఎఫ్ఐఆర్‌లో హత్యకి పాత ఐపీసీ సెక్షన్ 302 వేశావు. 2024 జులై 1 నుంచి దాని స్థానంలో భారతీయ న్యాయ సంహిత వచ్చింది, హత్యకి సెక్షన్ 103. కాకపోతే పాత హెడ్ కానిస్టేబుల్ నోట్లో 'త్రీ నాట్ టూ' అనే వస్తుంది, కాగితం మీద 103 అని రాస్తాడు. ఆ ఒక్క తడబాటు రాస్తే, మనిషి సర్వీసంతా కనపడుతుంది. ఇంకోటి, స్టేషన్లో నిందితుడు ఒప్పుకోగానే నీ కథ ముగించావు. పోలీసుల ముందు ఒప్పుకున్న మాట కోర్టులో చెల్లదమ్మా. ఆ మాట వల్ల కత్తి దొరికితే, దొరికినంత మేరకే చెల్లుతుంది. కత్తి దొరికినప్పుడు సాక్షి సంతకం పెట్టిన పంచులు తర్వాత కోర్టులో అడ్డం తిరిగితే? ఒకడు నిందితుడి బావమరిది దగ్గర కౌలు చేసుకునేవాడైతే? నీ చివరి మూడు చాప్టర్లు అక్కడున్నాయి.

మాటల గురించి ఒకటే చెప్తాను. మీ ఇన్‌స్పెక్టర్ గారు లాకుల దగ్గర ముసలాయనతో 'దయచేసి మీరు చూసినది వివరించండి' అంటాడు. 'ఏం పెద్దాయనా, రాత్రి ఇటు బండేదన్నా పోయిందా?' అంటే సరిపోయేది.

ముందు వెళ్ళి లష్కరుతో మాట్లాడు. ఊరికే వెళ్ళకు, పొద్దున టీ టైముకి వెళ్ళు, నోట్‌బుక్ బయటికి తియ్యకు. తర్వాత తిరగరాసి పంపు, అక్షరాలు కాస్త పెద్దవి పెట్టి ప్రింట్ తియ్యి.

నాదీ ఒక పని ఉంది. మా వీధిలో అద్దె షాపు మూసేసి జిరాక్స్ సెంటర్ పెట్టినప్పుడు పాత పుస్తకాలు కిలోల లెక్కన అమ్మేశారు. అందులో నా నవల ఒకటి దొరికింది. నేను రాసిన నవలల్లో నా దగ్గర మిగిలింది అదొక్కటే, దానికీ చివరి రెండాకులు లేవు. ఏ లైబ్రరీలో అడిగినా అలాంటివి మేం దాచలేదండీ అన్నారు. వంద పేజీలు మళ్ళీ చదివాను, హత్య చేసింది ఎవరో నాకే గుర్తు రావడం లేదు. డాక్టరు మీద అనుమానంగా ఉంది. కవరు పేజీ ఫోటో నీ వాట్సాప్‌కి పెడుతున్నాను. ఎక్కడైనా కనిపిస్తే చివరి పేజీ ఫోటో తీసి పంపు.

మీ అమ్మానాన్నలని అడిగానని చెప్పు.

ఇట్లు,
మాస్టారు