పట్టా లేని ఇంటికి నోటీసు వస్తే?

ప్రశ్న: మాది హైదరాబాద్‌లో నాలా పక్కన బస్తీ. పాతికేళ్ల కిందట మా మామగారు రెండు గదులు వేశారు. ఇంటి పన్ను, కరెంటు బిల్లు కడుతున్నాం. పట్టా లేదు. ఇది సర్కారు భూమి, ఎందుకు ఖాళీ చేయించకూడదో చెప్పమని తహసీల్దార్ ఆఫీసు నుంచి నోటీసు వచ్చింది. ఇళ్లల్లో పని చేసుకుని బతుకుతున్నాను. వేరే ఇల్లయినా ఇస్తారా?

జవాబు: అమ్మా, పన్ను రసీదులు స్థలం మీద హక్కునివ్వవు. పన్నెండేళ్లుంటే మనదైపోతుందన్న మాటా నమ్మకండి. సర్కారు భూమికి ఆ గడువు 30 ఏళ్లు, అప్పుడైనా రుజువు చేయడం చాలా కష్టం. కానీ ఆ కాగితాలు జాగ్రత్త. మీ కేసుకు అవే ఆధారం.

మీలాంటివాళ్ల పాత కేసు ఒకటి చెబుతాను. 1981లో బొంబాయి ఫుట్‌పాత్‌ల మీద, గుడిసెల్లో ఉన్నవాళ్లను ఖాళీ చేయించి సొంతూళ్లకు పంపేస్తామని అక్కడి ప్రభుత్వం ప్రకటించింది. జర్నలిస్టు ఓల్గా టెల్లిస్, గుడిసెవాసులు సుప్రీంకోర్టుకెక్కారు. బతుకుతెరువు కూడా జీవించే హక్కులో భాగమేనని 1985లో అయిదుగురు జడ్జీల ధర్మాసనం చెప్పింది. ఫుట్‌పాత్ ఆక్రమించే హక్కు మాత్రం లేదంది. వానలు తగ్గేదాకా, అంటే అక్టోబరు 31 వరకు ఎవరినీ కదపొద్దంది. 1976లో గుడిసెలు లెక్కించినప్పుడు నంబరు, గుర్తింపు కార్డు పొందినవాళ్లకు వేరే చోటు చూపాలంది. కార్డు ఉన్నవాడికి చోటు దక్కింది, లేని పక్క గుడిసెవాడికి ఆ హామీ లేదు. నాకది ఇప్పటికీ సగం న్యాయంగానే అనిపిస్తుంది. కానీ తర్వాత వచ్చిన పునరావాస పథకాలు చాలావరకు అదే అడుగుతున్నాయి: ఎప్పటినుంచి ఉంటున్నారు?

అందుకే మీ ఇంట్లో ఉన్న పాత కాగితమల్లా బయటికి తీయండి. రేషన్ కార్డు, ఓటరు కార్డు, పిల్లల స్కూలు బోనఫైడ్, మామగారి పేరున్న తొలి కరెంటు బిల్లు. జిరాక్సులు జతచేసి, నోటీసులో రాసిన తేదీలోగా రాతపూర్వకంగా జవాబివ్వండి, మీ కాపీ మీద ఆఫీసు ముద్ర వేయించుకోండి. సర్కారు భూములకు వర్తించే 1905 భూ ఆక్రమణల చట్టం మీ జవాబు వినకుండా ఖాళీ చేయించమనదు. ఇల్లు తప్పక ఇస్తారని నేను మాటివ్వలేను. అయినా 2024లో మూసీ నదీగర్భంలోని ఇళ్లు ఖాళీ చేసిన కుటుంబాలకు డబుల్ బెడ్‌రూమ్ ఇళ్లు కేటాయించారు, మాకూ అలాగే ఇవ్వండని జవాబులోనే అడగండి.

కూల్చేముందు 15 రోజుల గడువివ్వాలని 2024 నవంబరులో సుప్రీంకోర్టు చెప్పిన మాట వినే ఉంటారు. రోడ్లు, నదులు, చెరువుల్లాంటి చోట్ల కట్టడాలకు అది వర్తించదు. మీది నాలా పక్కన కాబట్టి ఆ ధీమాతో ఆలస్యం చేయొద్దు. ఖాళీ చేయమని ఉత్తర్వు వస్తే అప్పీలుంది. జవాబు వినకుండానే జేసీబీ వస్తే హైకోర్టులో రిట్ (సర్కారు చర్యను ఆపమని కోరే పిటిషన్) వేయాలి. ఆడవాళ్లకు ఆదాయంతో పనిలేకుండా ఉచిత లాయర్‌ను ఇస్తారు. ఉచిత న్యాయ సహాయ హెల్ప్‌లైన్ 15100కు ఈరోజే ఫోన్ చేయండి.