ఖరీదైన పోకెమాన్ పెట్టె కొంటే చారిజార్డ్ వచ్చే ఛాన్స్ పెరుగుతుందా?

మీ అబ్బాయి పుట్టినరోజుకి పోకెమాన్ కార్డుల 151 సెట్‌లోని అల్ట్రా ప్రీమియం కలెక్షన్ పెట్టె అడుగుతున్నాడు, అమెరికా నుంచి విజయవాడ వస్తున్న మీ తమ్ముడు తెస్తానన్నాడు. అంత ఖరీదైన పెట్టె కాబట్టి అందరూ కోరుకునే చారిజార్డ్ కార్డు వచ్చే ఛాన్స్, ఏ కార్డులున్నాయో చించేదాకా తెలియని మామూలు ప్యాకుల్లో కంటే ఎక్కువగా ఉంటుందా అన్నది మీ ప్రశ్న.

ఉండదండీ. పెట్టె ఎంత పెద్దదైనా లోపల పెట్టే ప్యాక్ ఒకటే. పెట్టె పాతిక డాలర్లదైనా నూట ఇరవై డాలర్లదైనా, ఒక్కో ప్యాక్‌లో అరుదైన కార్డు పడే అవకాశం మారదు. ఇంకా చెప్పాలంటే, పెట్టిన డబ్బుతో లెక్కేస్తే ఆ ఖరీదైన పెట్టెలోనే ఛాన్స్ తక్కువ. ఎలాగో కింద చెప్తాను.

మేముండేది డాలస్ దగ్గర. 2023 సెప్టెంబరులో 151 సెట్ విడుదలైనప్పటి నుంచి మావాడికి అదే లోకం. మా అపార్ట్‌మెంట్ క్లబ్‌హౌస్‌లో ఆదివారం సాయంత్రం పిల్లలు బైండర్లు పరుచుకుని కార్డులు మార్చుకుంటుంటారు, పక్కన తండ్రులం కూర్చుని ఏ పెట్టె కొంటే లాభమని వాదించుకుంటుంటాం. మాలో సగం మందిమి ఐటీ వాళ్లమే కాబట్టి ఆ వాదన చివరికి ఎక్సెల్ షీట్‌లోనే తేలుతుంది. ఈ లెక్కలన్నీ అక్కడ నలిగి వచ్చినవే.

ముందుగా ఒక సంగతి. అమెరికాలో టాప్స్ లాంటి కంపెనీల బేస్‌బాల్ కార్డుల ప్యాక్ వెనక ఏ రకం కార్డు ఎన్ని ప్యాకులకు ఒకటి వస్తుందో చిన్న అక్షరాల్లో అచ్చేస్తారు. పోకెమాన్ కాగితం కార్డుల ప్యాక్ మీద అలాంటిదేమీ ఉండదు. విచిత్రం ఏమిటంటే, అదే పోకెమాన్ వాళ్ల ఫోన్ ఆట టీసీజీ పాకెట్‌లో ప్రతి ప్యాక్‌కూ శాతాలు చూపిస్తారు. ఐదు కార్డులూ అరుదైనవే వచ్చే ప్యాక్ అవకాశం 0.050 శాతం, అంటే రెండు వేలకు ఒకటి అని అందులోనే రాసి ఉంటుంది. డబ్బు కట్టి తెరిచే ఇలాంటి పెట్టెల అవకాశాలు ముందే చెప్పాలని యాపిల్ 2017 డిసెంబరులో తన యాప్ స్టోర్‌లో నిబంధన పెట్టింది. కాగితం కార్డులకు అలా అడిగేవాళ్లు లేరు. అందుకే వాటి లెక్కలన్నీ బయటివాళ్లు వేలకొద్దీ ప్యాకులు చించి వేసినవే. కార్డులు అమ్మే టీసీజీప్లేయర్ సైటు వేసిన అంచనాలను ఎక్కువమంది వాడతారు. నేనూ అవే తీసుకుంటున్నాను.

151 ప్యాక్‌లో పది కార్డులుంటాయి, ఎనర్జీ కార్డు అదనం. నాలుగు కామన్, మూడు అన్‌కామన్, రెండు రివర్స్ హోలో (బొమ్మ చుట్టూ మెరిసే కార్డు) స్థానాలు, ఒక రేర్. రెండు నల్ల నక్షత్రాల డబుల్ రేర్, రెండు వెండి నక్షత్రాల అల్ట్రా రేర్ ఆ చివరి రేర్ స్థానంలోనే పడతాయి. ఒక బంగారు నక్షత్రం ఉండే ఇలస్ట్రేషన్ రేర్, రెండు ఉండే స్పెషల్ ఇలస్ట్రేషన్ రేర్, మూడు ఉండే హైపర్ రేర్ మాత్రం రెండో రివర్స్ హోలో స్థానంలో వస్తాయి. మావాడు అందుకే కార్డుల కట్టను అరచేతిలో పెట్టుకుని బొటనవేలితో ఒక్కొక్కటే జరుపుతూ, తొమ్మిదో కార్డు దగ్గర ఆగిపోతాడు. పై అంచు సన్నగా బయటికి లాగి రంగు చూస్తాడు, కళ్లు మూసుకుంటాడు, ఆ తర్వాతే మొత్తం లాగుతాడు. పక్కనున్న మాకు బీపీ పెరుగుతుంది గానీ, వాడు మాత్రం తొందరపడడు.

ఇక అంకెలు. 151లో డబుల్ రేర్ దాదాపు 8 ప్యాకులకు ఒకటి, ఇలస్ట్రేషన్ రేర్ 12కి ఒకటి, అల్ట్రా రేర్ 16కి ఒకటి, స్పెషల్ ఇలస్ట్రేషన్ రేర్ 32కి ఒకటి, హైపర్ రేర్ 51కి ఒకటి. అన్నీ కలిపితే మూడు ప్యాకుల్లో ఒకదానిలో చెప్పుకోదగ్గ కార్డు ఏదో ఒకటి ఉంటుంది. మిగతా రెండు ప్యాకుల్లో వచ్చేది బల్కే, అంటే పెద్దగా విలువలేని మామూలు కార్డులే. మా ఇంట్లో అవి చెప్పుల డబ్బాల్లో పేరుకుపోయాయి, ఊరికే ఇస్తామన్నా తీసుకునేవాళ్లు లేరు.

చాలామంది తడబడేది ఇక్కడే. 32కి ఒకటి అన్నది ఆ రకం మొత్తానికి చెప్పిన మాట, మీ అబ్బాయికి కావలసిన ఒక్క కార్డుకి కాదు. 151లో స్పెషల్ ఇలస్ట్రేషన్ రేర్లు ఏడున్నాయి. వీనసార్, చారిజార్డ్, బ్లాస్టాయిజ్, అలకజామ్, జాప్‌డోస్, ఇంకా ఇద్దరు ట్రైనర్లు, అంటే మనుషుల పాత్రల కార్డులు. అందరూ వెంటపడే చారిజార్డ్ ఈఎక్స్, అంటే 199/165 నంబరు కార్డు, ఆ ఏడింటిలో ఒకటి. ఏడూ సమానంగా పడతాయనుకుంటే 32ని ఏడుతో గుణించాలి, 224 ప్యాకులకు ఒకటి.

ఇప్పుడు మీ పెట్టె సంగతి. అల్ట్రా ప్రీమియంలో 16 ప్యాకులు, మ్యూ ఈఎక్స్ లోహపు కార్డు, ఇంకా ప్రోమోలు (పెట్టెతో విడిగా ఇచ్చే ప్రత్యేక కార్డులు), సరంజామా ఉంటాయి. విడుదలైనప్పుడు దాని ధర సుమారు 120 డాలర్లు. ఆ 16 ప్యాకుల్లో, ఏడు స్పెషల్ ఇలస్ట్రేషన్ రేర్లలో ఏదో ఒకటైనా రావడానికి అవకాశం 40 శాతం. ప్రత్యేకించి చారిజార్డే రావడానికి 7 శాతం కూడా లేదు. అంటే అలాంటి పెట్టెలు వంద మంది పిల్లలు తెరిస్తే తొంభై ముగ్గురికి ఆ చారిజార్డ్ రాదు. 32 ప్యాకులు కొంటే స్పెషల్ ఇలస్ట్రేషన్ రేర్ ఖాయమని కూడా అనుకోవద్దు. 32కి ఒకటి అన్న లెక్కలో 32 కొంటే వచ్చే అవకాశం 64 శాతమే, ముగ్గురిలో ఒకరు ఉత్త చేతులతోనే మిగులుతారు. “ఇన్ని ప్యాకులు చించాం, ఇక వచ్చేస్తుంది” అన్న మాట క్లబ్‌హౌస్‌లో వారానికోసారైనా వినబడుతుంది. వెనక చించిన ప్యాకులతో ముందున్న ప్యాక్‌కి సంబంధం ఉండదు.

డబ్బు లెక్క చూద్దాం. 120 డాలర్లకు 16 ప్యాకులంటే ప్యాక్‌కి ఏడున్నర డాలర్లు. అదే బూస్టర్ బండిల్ అనే చిన్న పెట్టెలో ఆరు ప్యాకులు విడుదలైనప్పుడు 26.94 డాలర్లు, ప్యాక్ నాలుగున్నరకు పడేది. ఆ ధరకు నాలుగు బండిళ్లు తీసుకుంటే 108 డాలర్ల లోపే 24 ప్యాకులు వస్తాయి, స్పెషల్ ఇలస్ట్రేషన్ రేర్ అవకాశం 53 శాతానికి పెరుగుతుంది. ప్రీమియం పెట్టెలో మీరు ఎక్కువ కట్టేది లోహపు కార్డుకీ పెట్టె దర్జాకీ. అది నచ్చితే కొనుక్కోవచ్చు, తప్పేమీ లేదు, ఆ మ్యూ కార్డు చేతిలోకి తీసుకుంటే బరువుగా భలే ఉంటుంది. ఛాన్స్ కోసం మాత్రం అది కొనొద్దు. పైగా ఇవన్నీ అసలు ధరలు. ఇప్పుడు ఈ రెండు పెట్టెలకూ అమ్మేవాళ్లు అంతకు చాలా ఎక్కువ అడుగుతున్నారు, దాంతో లెక్క ఇంకా చెడుతుంది.

చారిజార్డ్ వచ్చే అవకాశం సగానికి సగం కావాలంటే 155 ప్యాకులు చించాలి. ప్యాక్ అసలు ధరకే దొరికినా దాదాపు 700 డాలర్లు. అదే కార్డు సింగిల్‌గా, అంటే విడిగా, మా వీధి చివరి కార్డుల షాపు అద్దాల అరలో నేను చూసినప్పుడు 150 డాలర్ల లోపే ఉంది. ఇప్పుడు పెరిగింది, అయినా ప్యాకుల ఖర్చుతో పోలిస్తే తక్కువే. మిగతా కార్డులు అమ్ముకుంటే కొంత తిరిగి వస్తుంది కదా అని మా వాదనల్లో ఒకాయన ఎప్పుడూ అడ్డు తగులుతాడు. వస్తుంది, కాకపోతే అమ్మకం ఫీజులు, పోస్టేజీ, మన ఆదివారాలు పోగా చేతికి మిగిలేది కొంచెమే. పిల్లలు అమ్మనివ్వరు కూడా.

ఇదే కష్టం అనుకుంటే 2025 జనవరిలో వచ్చిన ప్రిస్మాటిక్ ఎవల్యూషన్స్ చూడండి. అందులో స్పెషల్ ఇలస్ట్రేషన్ రేర్ దాదాపు 45 ప్యాకులకు ఒకటి. ఆ రకం కార్డులు 32 ఉన్నాయి. అందరూ ఎగబడే అంబ్రియాన్ ఒక్కటే కావాలంటే 1,440 ప్యాకులకు ఒకటన్న మాట. దాని కోసమే జనం తెల్లవారకుండానే దుకాణాల ముందు క్యూ కట్టారు.

ప్రీమియం అన్న పేరున్న ప్రతిదీ ఇలాగే ఉండదు, ఆ మాట కూడా చెప్పాలి. మ్యాజిక్: ద గ్యాదరింగ్ అనే ఇంకో కార్డుల ఆటలో కలెక్టర్ బూస్టర్ అని ఉంటుంది. అది నిజంగానే వేరే ప్యాక్, లోపలి కార్డుల కూర్పే వేరు, మామూలు ప్యాకుల్లో రానివి అందులో వస్తాయి. 2023లో ప్రపంచంలో ఒకే ఒక్క ప్రతి ఉన్న వన్ రింగ్ కార్డును ఆ ఆట కంపెనీ ఇంగ్లిష్ కలెక్టర్ బూస్టర్లలోనే ఎక్కడో పెట్టింది. కెనడాలో ఒకతనికి అది దొరికింది, గాయకుడు పోస్ట్ మలోన్ సుమారు 20 లక్షల డాలర్లకు కొన్నాడు. ప్యాక్ వేరైతే ఎక్కువ ధరకు అర్థముంది. పెట్టె మాత్రమే వేరైతే లేదు. ఏది కొన్నా ముందు అడగాల్సింది అదొక్కటే. జపాన్ 151 పెట్టె ఇంకో రకం. 20 ప్యాకుల పెట్టెలో పెద్ద కార్డు ఒకటైనా ఉంటుందని కొనేవాళ్ల నమ్మకం, చాలావరకు అలాగే జరుగుతుంది. అందువల్లే తెరిచిన జపాన్ పెట్టెలోంచి విడి ప్యాకులు తీసి అమ్మేవాళ్ల దగ్గర కొనకూడదు. పెద్ద కార్డు ముందే పడిపోయిందేమో మనకు ఎవరు చెప్తారు?

మన ఊళ్లలో ఫ్యాన్సీ షాపుల్లో దొరికే బంగారు రంగు పోకెమాన్ కార్డుల సంగతికొస్తే, వాటికి ఛాన్స్ లెక్కే అక్కర్లేదు. డబ్బాలో 55 కార్డులూ మెరుస్తున్నాయంటే అవన్నీ నకిలీవే. అసలు స్పెషల్ ఇలస్ట్రేషన్ రేర్ మీద వేలు రాస్తే సన్నటి గీతలు గరుకుగా తగులుతాయి, నకిలీది నున్నగా జారిపోతుంది. వెనక వైపు నీలం కూడా వెలిసిపోయినట్టో, మరీ ముదురుగానో ఉంటుంది. అమెరికాలోనూ మోసాలున్నాయి. మా స్నేహితుడొకరు ఒక పెద్ద దుకాణంలో కొన్న ఎలీట్ ట్రైనర్ బాక్స్ (ఇంకో రకం పోకెమాన్ పెట్టె) ఎవరో తెరిచి, ప్యాకులు మార్చి, తిరిగిచ్చేసినది. దాని మీద చుట్టిన ప్లాస్టిక్‌కి పోకెమాన్ గుర్తులు లేవు, సాదాగా ఉంది. మీ తమ్ముడికి ఆ ఒక్క ముక్క చెప్పండి.

మీ బాబు పుట్టినరోజుకైతే నేను చేసేది ఇది. ఒక బూస్టర్ బండిల్ తెమ్మనండి. ఆరు ప్యాకుల్లో కనీసం ఒక మంచి కార్డు పడే అవకాశం 90 శాతం దాకా ఉంది, చించే సరదా తీరుతుంది. చారిజార్డ్‌ని సింగిల్‌గా కొనమనండి. కార్డు స్థితి నియర్ మింట్ (దాదాపు కొత్తది) అని ఉన్నవి కాకుండా లైట్లీ ప్లేడ్ (కాస్త వాడినది) అని ఉన్నది అడిగితే కాస్త తక్కువకు వస్తుంది. మూల దగ్గర సన్నటి తెల్ల గీత ఉంటే పదేళ్ల పిల్లాడు పట్టించుకోడు. దాన్ని స్లీవ్‌లో, అంటే పల్చటి ప్లాస్టిక్ తొడుగులో వేసి, టాప్‌లోడర్ అనే గట్టి ప్లాస్టిక్ కవర్‌లో పెట్టి, సూట్‌కేసులో కాకుండా చేతి సంచిలో పుస్తకం మధ్య పెట్టుకుని రమ్మనండి. బండిల్ ముందు ఇవ్వండి, ఆరు ప్యాకులూ అయిపోయాక సింగిల్ ఇవ్వండి. ముందే చారిజార్డ్ చేతికొస్తే ప్యాకులు చించేటప్పుడు ఆ టెన్షన్ ఉండదు.