మీ అమ్మమ్మ పేరేమిటి?

చిరంజీవికి ఆశీస్సులు.

నువ్వు పంపిన ఫోటో వ్యాసం అందింది. 24 ఫోటోలు, ఒక్కొక్కదాని కింద రెండేసి వాక్యాలు. అన్నీ చూశాను, చదివాను, కోపం వచ్చింది. అందుకే ఆలస్యం చేయకుండా రాస్తున్నాను.

మీ అమ్మమ్మ పేరేమిటి? అన్ని ఫోటోల్లోనూ ఆవిడే ఉన్నారు. ఒక్కచోట కూడా పేరు లేదు, ఊరు లేదు, ఏ సంవత్సరమో లేదు. "మమతల కోవెల" ఉంది. "ముడతల్లో దాగిన కథలు" ఉన్నాయి. ఈ మాటలు మా వీధి చివరి ఇంటి అవ్వ ఫోటో కింద పెట్టినా అంతే చక్కగా అతుకుతాయి. మరి మీ అమ్మమ్మ గురించి నువ్వు రాసిందేమిటి?

ఫోటో తీయడం నీకు చేతనవును. వంటింటి తలుపు వెనక క్యాలెండరు దగ్గర ఆవిడ నిలబడ్డ ఫోటో చాలాసేపు చూశాను. కళ్లజోడు కాడ విరిగితే దారం కట్టుకున్నారు. ఎడమ చేతికి పిండి అంటి ఉంది. కుడి చేతిలో చిన్న పెన్సిలు ముక్క. ఫోటోను పెద్దది చేస్తే 11వ తేదీ గడిలో "బండ" అన్న మాట, పక్క గళ్లలో పాల లెక్క కనబడ్డాయి. దాని కింద నువ్వు "కాలంతో సంభాషణ" అని రాశావు. ఆవిడ కాలంతో సంభాషించడం లేదమ్మా. కొత్త గ్యాస్ బండ ఎప్పుడు పెట్టారో రాసుకుంటున్నారు, అది ఎన్నాళ్లు వస్తుందో చూసుకోవడానికి. ఆ ఇంటి లెక్కంతా ఎవరి చేతిలో ఉందో ఆ ఒక్క గడి చెబుతోంది. నువ్వు దాని మీద ముసుగు కప్పావు.

నాకు ఇంత పట్టుదల ఎందుకో చెప్పాలి. రాతలతో పొట్ట గడవని రోజుల్లో ఒక స్టూడియోలో రీటచింగ్, అంటే ఫోటోల మీద చేత్తో మెరుగులు దిద్దే పని చేశాను. సన్న కుంచె, నల్లరంగు, భూతద్దం, ఇవే నా పనిముట్లు. నిజాం ఆస్థాన ఫోటోగ్రాఫరు రాజా దీన్‌దయాళ్ 1892లోనే హైదరాబాదులో, పరదా చాటున ఉండే ఘోషా స్త్రీల కోసం ప్రత్యేకంగా స్టూడియో తెరిచారు. ఆ తర్వాత ఎన్నో దశాబ్దాలకు కూడా, మా స్టూడియోకు పెళ్లిచూపుల ఫోటో కోసం వచ్చిన ఆడపిల్ల మళ్లీ వచ్చేది కాదు. ఆమె పోయాక, పెద్దకర్మకు ముందు కొడుకులు వచ్చేవారు. విడి ఫోటో ఉండేది కాదు. పెళ్లి గ్రూపు ఫోటోలో వెనక వరుసలో సగం ముఖమో, రేషన్ కార్డు మీద గోరంత ముఖమో తెచ్చేవారు. కార్డు ఫోటో అయితే చెంప మీద రబ్బరు స్టాంపు ముద్ర కూడా ఉండేది. ఆ ముద్ర చెరిపి, బొట్టు దిద్ది, పెద్దది చేసి ఇచ్చేవాళ్లం. ఫ్రేము కట్టే ముందు కింద ఏం రాయమంటారని అడిగితే ఒకరి ముఖం ఒకరు చూసుకునేవారు. ఇంట్లో అందరికీ ఆవిడ అమ్మ, అత్తయ్య, నాయనమ్మ. పుట్టిన సంవత్సరం ఎవరికీ తెలిసేది కాదు. అసలు పేరు కూడా ఒక్కోసారి రేషన్ కార్డు చూసి చెప్పేవారు. చాలా ఇళ్లలో ఆడమనిషి ఫోటో కింద ఆమె పేరు మొదటిసారి పడింది ఆ ఫోటోకు దండ వేసిన రోజునే. ఆ పేర్లు నా చేత్తో రాశాను.

తర్వాత పత్రికలకు రాయడం మొదలుపెట్టాక నరసాపురం వెళ్లి, మధ్యాహ్నం వంటపని అయ్యాక అరుగుల మీద లేసు అల్లే ఒక కుటుంబం ఫోటోలు తీశాను. తల్లి పేరు, ఇద్దరు కోడళ్ల పేర్లు, ఆ రోజు ఏ డిజైను అల్లుతున్నారో అన్నీ రాసి ఒక వారపత్రికకు పంపాను. సంపాదకుడు పేర్లన్నీ కొట్టేసి "శ్రమ సౌందర్యం" అని వేశాడు. పాఠకులకు పేర్లెందుకు, భావం కావాలి అన్నాడు. పత్రిక తీసుకెళ్లి చూపిస్తే పెద్ద కోడలు అడిగింది, "సినిమావాళ్ల ఫోటోల కింద పేర్లు వేశారు కదండీ, మావి వేయలేదేం?" అని. ఆ ప్రశ్నను ఆ సంపాదకుడికి ఉత్తరం రాసి పంపాను. జవాబు రాలేదు. నాకు ఇప్పటికీ ఆ కోపం తగ్గలేదు.

ఇది మన దగ్గరే జరిగిందనుకోకు. 1936లో అమెరికాలో డొరోథియా లాంగ్ అనే ఫోటోగ్రాఫరు, కాలిఫోర్నియాలో బఠాణీ కోత కూలీల మకాంలో ఒక తల్లిని పిల్లలతో సహా ఫోటో తీసింది. ఏడుగురు పిల్లల తల్లి, వయసు 32 అని ప్రభుత్వ రికార్డులో రాశారు. పేరు రాయలేదు. అడగలేదని లాంగే తర్వాత చెప్పుకుంది. ఫోటో ప్రపంచమంతా తిరిగింది. ఆ తల్లి ఫ్లోరెన్స్ ఓవెన్స్ థాంప్సన్ అని లోకానికి తెలిసింది 1978లో. వయసు అడగడానికి నోరు వచ్చినప్పుడు పేరు అడగడానికి ఏమైంది?

ఏ కెమెరా కొనాలి, నలుపు తెలుపులోకి మార్చనా, పుస్తకంగా వేయవచ్చా అని అడిగావు. మార్చవద్దు. వెనకనున్నదంతా మసకబార్చడం కూడా మానెయ్. పోటీల న్యాయనిర్ణేతలు దానికే బహుమతులిస్తున్నారని నాకు తెలుసు. వాళ్లకు ముఖం చాలు. నీకు ఆ గూట్లో మందుల డబ్బా, దండెం మీద ఆరేసిన తువ్వాలు, గోడ మీద ఎవరో పిల్లవాడి ఎత్తు కొలిచి గీసిన గీతలు కావాలి. ఐదో ఫోటోలో ఆ గీతలు పొగమంచులో కలిసిపోయాయి. అవి ఎవరి ఎత్తు? నీదేనా?

ఫోటో తీసిన రోజే రాయి. ఎవరు, ఎక్కడ, ఏం చేస్తున్నారు, ఏమన్నారు. ఊహించి రాయకు, అడిగి రాయి. ఇంట్లోవాళ్లకు వాట్సాప్‌లో ఫోటోగా పంపితే సైజు తగ్గడమే కాదు, తీసిన తేదీ, సమయం వివరాలు కూడా ఊడిపోతాయి. డాక్యుమెంటుగా పంపు. ప్రింటు వేయించాక వెనక బాల్‌పెన్నుతో నొక్కి రాస్తే గాడి ముందువైపు తేలుతుంది. ఇప్పటి కలర్ ప్రింట్లకు పెన్సిలు పట్టదు. చెరగని సిరా ఉన్న సన్నపాళీ పెన్నుతో అంచున తేలిగ్గా రాసి, బాగా ఆరాకే దొంతర పెట్టు.

సంక్రాంతి సెలవులకు మళ్లీ ఊరు వెళ్తానన్నావు. ఈ 24 ఫోటోలనూ ప్రింటు వేయించి అమ్మమ్మ ముందు పరిచి, ఆవిడ చెప్పింది చెప్పినట్టు రాసుకో. అప్పుడు నాకు మళ్లీ పంపు. అన్నట్టు, 19వ ఫోటోలో అరుగు మీద అమ్మమ్మ పక్కనే కూర్చుని చింతపండులో గింజలు తీస్తున్న ఆవిడ ఎవరు? నీ వ్యాసంలో ఎక్కడా ఆమె ప్రస్తావనే లేదు. ఆమె పేరు కూడా కనుక్కుని రాయి.

ఆశీస్సులతో.