పిల్లల పళ్ళకు వెలుగు చికిత్స మొదలుపెట్టబోతున్న మేనకోడలికి

చి. ల. సౌ. మేనకోడలికి మావయ్య దీవించి వ్రాయునది.

గుణుపురంలో తెరవబోయే ఆసుపత్రిలో రంగుమందుతోను లేజరు వెలుగుతోను పిల్లల పళ్ళలోని క్రిములను చంపే చికిత్స మొదలుపెడతావని మీ అమ్మ ఫోనులో చెప్పగానే పొంగిపోయాను. ఆ రాత్రి మాత్రం నాకు నిద్ర పట్టలేదు.

నీకు తెలిసినవి త్వరగా చెప్పేస్తాను. మిథిలీన్ బ్లూ అనే నీలి రంగుమందుకు 660 నానోమీటర్ల దరిదాపు ఎరుపు వెలుగు కావాలి, పసుపులోని కర్‌క్యుమిన్‌కు నీలి వెలుగు కావాలి. పన్ను చుట్టూ బిగించే రబ్బరు తెర, అదే రబ్బరు డ్యామ్, లేనిదే రంగు చుక్క వేయకు, పని కాగానే బాగా కడిగెయ్యి.

పన్నెండేళ్ళ కిందట, పర్లాకిమిడిలో నేను లేజరు కొన్న కొత్తలో, కాశీనగరం అవతలి పల్లె నుంచి ఒక అవ్వ ఐదేళ్ళ మనుమరాలిని తీసుకువచ్చింది. కింది దవడలో ఒక పాలపన్ను సగానికి పైగా పిప్పి అయింది. పిల్ల రాత్రిళ్ళు ఏడుస్తూ లేస్తోందని అవ్వ రెండుసార్లు చెప్పింది. నిద్రలో లేపే నొప్పి వస్తే నరం చెడినట్టేనని అనుమానించాలి, ఎక్స్‌రే తీయాలి. కొత్త యంత్రం మోజులో నేను ఆ మాట చెవిని పెట్టలేదు. పిప్పిని పైపైన గీకి, రంగు వేసి, అది లోపలికి ఇంకడానికి ఆగవలసిన ఐదు నిమిషాలు ఆగకుండా, బయట సంతకు వచ్చిన జనం బారులు తీరి ఉన్నారని గబగబా వెలుగు చూపించి, పళ్ళ సిమెంటుతో మూసి పంపేశాను. నాలుగో వారంలో అవ్వ పిల్లను చంకనేసుకుని మళ్ళీ వచ్చింది. దవడ కింద నిమ్మకాయంత వాపు, ఒళ్ళంతా కాలే జ్వరం. "దీపం సూపించి తలుపేసేసినావు బాబూ, దొంగ లోపలే ఉండిపోనాడు" అంది. పన్ను పీకి చీము తీశాను. ఆ పిల్లకు పన్నెండో ఏట అదే చోట వచ్చిన శాశ్వత దంతం మీద గోధుమరంగు గుంట కనిపించింది. నేను మూసిన రోజులలోనే చీము కింద ఉన్న ఆ శాశ్వత దంతపు మొగ్గను తాకి ఉంటుంది.

1900లో మ్యూనిక్‌లో ఆస్కార్ రాబ్ అనే వైద్య విద్యార్థి, అక్రిడిన్ రంగులో పారమీసియం అనే ఏకకణ జీవులు వెలుగు తగిలినప్పుడే త్వరగా చస్తాయని ప్రకటించాడు. రంగు క్రిమికి అంటాలి, దానికి తగిన వెలుగు పడాలి, అక్కడ ప్రాణవాయువు ఉండాలి. అప్పుడు పుట్టే చురుకైన ఆక్సిజను క్రిమిని చంపుతుంది. చెడిన నరాన్ని అది బాగుచేయదమ్మా. ముందు పిప్పి తీయి, నరం సంగతి తేల్చు, వెలుగు ఆ తరువాతి తోడు మాత్రమే.

ఇంకొక భయం. మన కొండ పల్లెలు మలేరియా పల్లెలు, అటువంటి చోట్ల జి-6-పి-డి లోపం, అంటే ఎర్రకణాలను కాపాడే ఎంజైము తక్కువగా ఉండడం, ఉన్న పిల్లలు ఉంటారు. ఒంట్లోకి వెళ్ళిన మిథిలీన్ బ్లూ అటువంటివారి ఎర్రకణాలను పగలగొట్టగలదు. నోట వేసేది కొద్దిపాటిదే అయినా, మందు తిన్నాక ఎప్పుడైనా ఒళ్ళు పచ్చబడిందా, మూత్రం నల్లగా వచ్చిందా అని తల్లిని అడిగి తీరు. సందేహమున్న చోట ఆ రంగు వాడకు.

సవర పిల్లలు వస్తే వాళ్ళ మాటలోనే నోరు తెరవమని చెప్పు; గిడుగు రామమూర్తి పంతులు గారు పర్లాకిమిడిలో ఉండి ఆ భాష నేర్చుకున్నారు, నీకు పది మాటలు కష్టం కావు. కదిలే పిల్లను పట్టుకునే తల్లికీ లేజరు వెలుగు నుంచి కాచే కళ్ళద్దాలు పెట్టాలని నేను ఆలస్యంగా గ్రహించాను. చిన్నవి నాలుగు జతలు ఈ వారం పంపుతున్నాను. జారకుండా మీ అత్తయ్య వాటికి ఎలాస్టిక్ కుట్టింది, ఒకటి కొంచెం వదులు.

మీ మావయ్య